కొవెంట్రీ కాపురం

కోర్టుకి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఫింటన్ మంచం మీద నుంచే అన్నాడు: "కాలర్ సరిగ్గా చెయ్యి మేవ్. జడ్జి ముందు దివాలా తీసినవాడిలా కనపడకూడదు." తన మాటకి తనే నవ్వుకున్నాడు.

దివాలా తీయడానికే ఐర్లండ్ వదిలి ఇంగ్లండులోని కొవెంట్రీకి వచ్చాం. మా దేశంలో ఐపీ పెడితే పన్నెండేళ్ళు మెడకు గుదిబండ. ఇక్కడ ఏడాదిలో విముక్తి. కాకపోతే నిజంగా ఇక్కడే కాపురం ఉంటున్నామని కోర్టు నమ్మాలి. ఫింటన్ అక్కడ లీట్రిమ్ జిల్లాలో కట్టించి, అమ్ముడుపోక వదిలేసిన ఇళ్ళ అప్పు పత్రాల మీద నా సంతకం కూడా ఉంది. ఆ రోజు పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతుంటే, "ఇక్కడో గీత గియ్యి" అన్నాడు. చదవబోయాను. "మొగుణ్ణి నమ్మనిదానివి చర్చిలో సరేననడం దేనికమ్మా?" అంది మా అత్తగారు. గీశాను.

ఇక్కడ ఉంటున్నట్టు రుజువు కావాలంటే ఎవరో ఒకరు ఉద్యోగం చెయ్యాలి. "నేను ఇంకొకడి కింద ఇటుకలు మోస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు ఫింటన్. నేను వృద్ధాశ్రమంలో చేరాను. ముక్కూమొహం తెలియని ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి ఇంటికొస్తే, "చేతులు కంపు కొడుతున్నాయి, మళ్ళీ కడుక్కుని వడ్డించు" అనేవాడు. ప్రతి శుక్రవారం ఓడెక్కి ఊరెళ్ళేవాడు. ఫుట్‌బాల్ చూసి, వాళ్ళమ్మ వండింది తిని, విడిచిన బట్టల సంచీతో తిరిగొచ్చేవాడు. ఆ సంచీ నాకు.

మార్చిలో మా అమ్మ పోయింది. బట్టలు సర్దుకుంటుంటే ఫింటన్ పెట్టె లాగేశాడు.

"పిచ్చా నీకు? ఊరంతా చూస్తుంది. బ్యాంకువాళ్ళ చెవిన పడితే మన ఇల్లింకా అక్కడే ఉందంటారు."

"నువ్వు వెళ్ళట్లేదా?"

"నాకు తప్పించుకు తిరగడం తెలుసు. నీకు ఏడవడం తప్ప ఏం తెలుసు?"

అత్తగారు ఫోన్లో ఓదార్చింది. "పోయినావిడకి నువ్వొచ్చిందీ రానిదీ తెలుస్తుందా? ఉన్నవాడి సంగతి చూడు."

శనివారం అమ్మని పూడ్చారు. సమాధి దగ్గర నిలబడి అందరి పరామర్శలూ అందుకున్నది ఫింటనేనని మా చెల్లెలు చెప్పింది. "మేవ్‌కి సెలవు దొరకలేదు" అన్నాడట. నిలదీస్తే, "అల్లుడు కనపడకపోతే బాగుండదు కదా" అన్నాడు. ఆ వేళప్పుడు నేను ఎవరి తల్లికో గోళ్ళు తీస్తున్నాను.

కోర్టులో ముందు అతన్ని పిలిచారు. బైబిల్ పట్టుకుని, "ఇదే మా ఇల్లండీ. వచ్చాక ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు" అన్నాడు.

తర్వాత నా వంతు. జడ్జి ఒక నడివయసావిడ.

"మీరూ వెళ్ళలేదా?"

"లేదండీ. మా అమ్మ పోయినా వెళ్ళలేదు."

ఆవిడ తలెత్తింది. "అయ్యో. మీ తరపున ఎవరూ వెళ్ళలేదా?"

వెనక ఫింటన్ గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో ఆ చప్పుడు వినపడితే చాలు, నోట్లో మాట నోట్లోనే మింగేసేదాన్ని.

"మా ఆయన వెళ్ళాడండీ," అన్నాను. "ప్రతివారం వెళ్తూనే ఉన్నాడు."

నా అర్జీ ఒప్పుకున్నారు. అతనిది కొట్టేశారు. ఇక ఆ పన్నెండేళ్ళూ ఐర్లండ్‌లోనే అనుభవించాలి. మెట్ల మీద నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. పెళ్ళయ్యాక చూడటం అదే మొదలు.

"నా బతుకు బుగ్గి చేశావు కదే. ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?"

"మీ అమ్మ దగ్గరికి," అని చెయ్యి విడిపించుకుని, మధ్యాహ్నం డ్యూటీకి బస్సెక్కాను.