తోడుకోని పాలు

వెంకటేశ్వర్లు ఇంట మూడు రోజులుగా పాలు తోడుకోలేదు. నేరం గిడ్డమ్మ మీద పడింది.

యాభై ఆరో సంవత్సరం వేసవి. గిడ్డమ్మ ఆ ఇంట బర్రెలు పితికే కూలిమనిషి. ఆమె విధవ గనుక చెయ్యి మంచిది కాదని యజమానురాలు రామేశ్వరమ్మ పెద్దల ముందు ఆరోపించింది. పొద్దు గుంకేలోగా ఆమె మా ఆలూరు విడిచిపోవాలని ఆ పొద్దునే చావడిలో తీర్పయింది.

బడి నడుపుతున్న నాకు ఆ కబురు విన్నాక కాలు నిలవలేదు. పొదుగువాపు వచ్చిన వెంకటేశ్వర్లు వాళ్ల పెద్ద బర్రెకు పశువుల కాంపౌండరు సుబ్బయ్య నాలుగు రోజులుగా పెన్సిలిన్ సూదులు వేస్తున్నాడని నాకు తెలుసు. నేరుగా అతని దగ్గరికి వెళ్లాను. మందు పాలలోకి దిగుతుందనీ, అటువంటి పాలు తోడుకోవనీ, పారబోయమని వెంకటేశ్వర్లుకు మొదటిరోజే చెప్పాననీ అతడు ఒప్పుకున్నాడు. ఆ మాట చావడిలో చెప్పమంటే మాత్రం చూపు తిప్పుకున్నాడు. పెద్ద రైతుతో విరోధం తనకు వద్దట.

నేనే చావడికి వెళ్లి పెద్దలను ఒక పరీక్ష అడిగాను. పెద్దల్లో ఒకడైన కంబన్న బర్రె పాలు గిడ్డమ్మ పితికి తోడు వేయాలి. పెద్ద బర్రె పాలు రామేశ్వరమ్మ తన చేత్తోనే పితికి తోడు వేయాలి. తోడు ఒక్కటే.

"పెరుగు సాక్షి సెప్తాదా పంతులమ్మా? ఇంగ మజ్జిగ తీర్పు రాస్తాదేమో" అన్నాడు కంబన్న. అందరూ నవ్వారు గాని, ఒప్పుకున్నారు.

ఆ ఎండకు మధ్యాహ్నం దాటితే చాలు, పాలు తోడుకుంటాయి. అంతవరకు ఎవరికీ కూర్చోబుద్ధి కాలేదు. వెంకటేశ్వర్లు వీధిలోకి పోయేవాడు, తిరిగి వచ్చేవాడు, మళ్లీ పోయేవాడు. గిడ్డమ్మ ఒక్కతే ఊరు విడవడానికి కట్టుకున్న మూటమీద చెయ్యి వేసుకొని కదలకుండా ఉంది.

మూతలు తీశారు. గిడ్డమ్మ ముంత వంచినా పెరుగు కదలలేదు. రామేశ్వరమ్మ ముంతలోంచి పాలు నీళ్లలా జారాయి. ఆమె తన చేతిని తానే చూసుకుంది.

సుబ్బయ్య ఏం చెప్పాడో చెప్పమని వెంకటేశ్వర్లును నిలదీశాను.

"పారబోయమన్యాడు. అన్ని పాలు పారబోసేకి మనసు రాలే. తక్కిన పాలల్లో కలిపేస్తి." గొంతు తగ్గించాడు. "ఈయమ్మ మీదికి పోతాదనుకోలే."

వినిపించలేదన్నాను. రెండోసారి గట్టిగా చెప్పాడు.

"అయిపాయ గదా గిడ్డమ్మా, మాపు పాలు పిండుపో" అన్నాడు కంబన్న.

ఆమె లేవలేదు.

"పొద్దున తప్పెట కొట్టిచ్చి ఊరంతా నా పేరు సెప్తిరి. అట్లే కొట్టిచ్చి కాదని సెప్పండప్పా. అందాకా నేను లెయ్యను."

అది అధికమని పెద్దల్లో ఒకరన్నారు. అధికం కాదన్నాను, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాను.

ఎండ వాలే వేళకు తప్పెట మోగింది. దాని వెనుక వెంకటేశ్వర్లు తలవంచుకొని నడిచాడు. ప్రతి వీధి మలుపులోనూ ఆగి, తప్పు తనదేనని చెప్పాడు. గిడ్డమ్మ ఆఖరి వీధి దాకా విన్నది. అప్పుడు లేచి, మూట విప్పడానికి ఇంటికి నడిచింది.