వంతుకు గడువు లేని ఆట

సురంగల్ స్టేజీ కాడ సుగుణమ్మ చాయ్ డబ్బా తెరిచేసరికి బస్సు షెడ్డులో నలుగురైదుగురు కూర్చొని ఉంటారు. చేవెళ్ల కాలేజీకి పోయే పిల్లలు, బంతిపూల సంచితో భిక్షం, దవాఖానకు పోయేవాళ్లు ఒకరిద్దరు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆ దారిలో ఆటోలు తగ్గిపోయాయి కాబట్టి అందరికీ బస్సే దిక్కు. బస్సుకు ఒక టైము ఉంది గాని దాన్ని ఎవరూ చూసుకోరు. షెడ్డులో ఆట మొదలుపెడితే, అది ముగియగానే బస్సు వస్తుంది. ముగియకపోతే రాదు.

బస్సు చేవెళ్ల నుంచి వచ్చి, ఊళ్లో తిరిగి మళ్లీ అటే పోతుంది. ఆట నడుస్తున్నంతసేపు మలుపుకు అవతల మోరీ వంతెన మీద అది దానంతటదే ఆగిపోతుంది. డ్రైవరు దిగి ఒళ్లు విరుచుకుంటాడు. కండక్టరు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇంకా ఆడుతున్నట్టున్నరు" అంటాడు. లోపలి జనం ఫోన్లు తీసుకుంటారు.

మొదలుపెట్టిన ఆటను మధ్యలో విడిచిపెట్టకూడదు. ఒకసారి భిక్షాన్ని ఆట మధ్యలో తేలు కుట్టింది. ఆయన కాలు పట్టుకొని దవాఖానకు పోయాడు, పేక ముక్కలు షెడ్డులోనే ఉండిపోయాయి. ఆయన తిరిగొచ్చేదాకా ఊరికి బస్సు లేదు. ఆయన ముక్కను మరొకరు వేసి చూశారు, చెల్లలేదు. చివరికి కట్టుతో కుంటుకుంటూ వచ్చి ఆయన తన ముక్క తానే వేశాక, అన్ని రోజుల బస్సులూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

అందుకే ఆ ఊళ్లో ఆటల గురించి అభిప్రాయాలు లేనివాళ్లు లేరు. అందరిలోకీ సుగుణమ్మ మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే రోజంతా చూసేది ఆమే. పెద్ద పేకాట ఆమె డబ్బా కాడ ఏనాడో బందు చేయించింది. అది మొదలైతే మధ్యాహ్నం దాకా తెగదు, పైగా పోలీసులు వస్తారు.

"చిన్న ఆట ఉండాలె. జేబుల పట్టాలె. ఒక చాయ్ తాగేసరికి అయిపోవాలె," అనేది ఆమె.

చిన్న ఆటలు తెచ్చేది మైసమ్మ. చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్ ఊడ్చి, తుడిచి వస్తుంది. శనివారాలు గచ్చిబౌలి నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు కార్లలో వస్తారు, ఆదివారం రాత్రికి పోతారు. సోమవారం సోఫాల సందుల్లో, ఈతకొలను గట్టు మీద, అగ్గిపెట్టెకు కాస్త పెద్దవైన అట్టపెట్టెలు దొరుకుతాయి. వాటిలో కార్డుల ఆటలు. మరిచిపోయిన దాని కోసం ఎవరూ ఫోన్ చెయ్యరు. మైసమ్మ వాటిని కొంగున కట్టుకొచ్చి సుగుణమ్మ ముందు పెడుతుంది.

సుగుణమ్మ ముందుగా కార్డును తూకం చూస్తుంది. జేబు ఆటలన్నిటికీ ఉన్న మొదటి లోపం బరువు లేకపోవడం. చందనవెల్లి ఫ్యాక్టరీలకు పోయే లారీ ఒకటి పక్కనుంచి పోయిందంటే సగం ఆట తుమ్మచెట్లలో ఉంటుంది. దానికి మందుగా షెడ్డులో కూర్చున్న ప్రతి మనిషికీ ఆమె ఒక గులకరాయి ఇస్తుంది. కార్డు వేసి, రాయి పెట్టి, అప్పుడు చెయ్యి తియ్యాలి.

మిగతా లోపాలు ఆటకొకటి. జంతువుల బొమ్మలవి ఒకసారి వచ్చాయి. ఒకే బొమ్మ రెండుసార్లు పడితే ముందుగా అరచెయ్యి కొట్టినవాళ్లది గెలుపు. గాజులు పగిలాయి, పైగా ఆట ఎంత తొందరగా అయిపోయిందంటే చాయ్ పొయ్యకముందే బస్సు వచ్చి నిలబడింది.

"గిదేం ఆటనే. దుకాణం మూయిపిచ్చే ఆట," అని సుగుణమ్మ దాన్ని పక్కన పడేసింది.

ఇంకొకదాంట్లో కార్డు నిండా ఇంగ్లీషే. చదువుడు ఎక్కువ, ఆడుడు తక్కువ. మరొకదాంట్లో అందరూ కలిసి గెలుస్తారు.

"అందరు గెలిస్తే చాయ్ ఎవలు తాపియ్యాలె?" అని అడిగింది సుగుణమ్మ. అదీ పోయింది.

ప్రశ్నల ఆట ఒకటి వచ్చింది. కార్డు తీసి, అందులో అడిగినదానికి నిజం చెప్పాలి. కాలేజీ పిల్ల ఒకామె చదివి చెప్పింది. "తాతా, నీకు జీవితంల అన్నిటికంటె ఎక్కువ భయమైంది ఏందట?"

"అడివి పంది," అన్నాడు భిక్షం.

అంతటితో ఊరుకోలేదు. పంది ఎప్పుడు వచ్చింది, మక్కచేను ఎట్లా తొక్కింది, తాను ఏ చెట్టెక్కాడు అన్నదంతా చెప్పాడు. ఆ రోజు పొద్దటి బస్సు పొద్దుగూకే ముందు వచ్చింది.

ఇట్లా చాలా ఆటలు పోగా, ఆ వానాకాలం షెడ్డులో మిగిలింది ఒక్కటే. నాలుగు రంగులు, రంగుకు కొన్ని అంకెలు. కింద పడిన కార్డుకు రంగు గాని అంకె గాని కలిస్తే వెయ్యాలి, కలవకపోతే ఒకటి తీసుకోవాలి. చేతిలో కార్డులన్నీ ముందుగా ఎవరివి అయిపోతే వాళ్లు గెలిచినట్టు, ఆట అక్కడితో సరి. దాన్ని కూడా సుగుణమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ వానాకాలంలోనే ఒక సోమవారం, బాలరాజ్ పెండ్లాం నిర్మల, తన ఆడబిడ్డ రేణుకను వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చింది. రేణుక కొత్త చీర కట్టుకొని ఉంది. ఇంకా ఉతకని చీర, నడుస్తుంటే గరగరమంటోంది. నుదుట పెద్ద బొట్టు. వాళ్ల బాపు పోయి ఏడాది అయింది. ఆ ఊళ్లో అన్న ఇంటికి పిలిచి, ఆడబిడ్డకు బొట్టు పెట్టి చీర పెట్టారంటే ఎందుకని ఎవరూ అడగరు. విరాసత్ చేసుకుంటున్నారన్నమాట. బాపు పేరు మీది భూమి అన్న పేరుకు మారాలంటే, నాకేమీ వద్దని చెల్లె ఆఫీసులో సంతకం పెట్టాలి.

ఆఫీసు చేవెళ్లలో. స్లాట్ పదకొండు గంటలకు. బాలరాజ్ కాగితాలతో బండి మీద ముందే పోయాడు. కొనేవాళ్లు కూడా అక్కడికే వస్తున్నారు. ఫామ్‌హౌస్ కట్టుకుంటారట.

రేణుక ఉండేది మొయినాబాద్‌లో, కిరాయి గదిలో. మొగుడు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఆమె రోడ్డు పక్క నర్సరీలో పనిచేస్తుంది. గులాబీ కొమ్మలు కత్తిరించి మట్టి సంచుల్లో నాటడం, పొద్దున, సాయంత్రం తడపడం. ఆమె నాటిన మొక్కలు ఎన్నో ఫామ్‌హౌస్‌ల ముందు పూస్తున్నాయి. బాపు భూమిలో బోరు కాడి ముక్క మీద ఆమెకు మనసుండేది. ఆ మాట ఎవరితో చెప్పుకోలేదు, అడిగినవాళ్లూ లేరు.

నిర్మల ఫోన్‌లో టైము చూసుకుంది. "సుగుణమ్మత్తా, జల్ది అయిపోయే ఆట తియ్యి జర. మేము పదకొండింటికి ఆడుండాలె."

"ఉన్నది ఇదొక్కటే. కాని దీంట్ల ఒక లోపమున్నది."

"గింత దానికి ఏం లోపమత్తా?"

"వంతు వచ్చినోళ్లు ఎంతసేపు ఆలోచించాలె అన్నది యాడ రాసిలేదు. కాలేజీ పిల్లలతోని చదివిపిచ్చిన."

"రంగుకు రంగు ఏసే ఆటల ఆలోచించుడు ఏముంటదత్తా?" అని నిర్మల పెట్టె లాక్కుంది.

నలుగురు కూర్చున్నారు. నిర్మల, రేణుక, భిక్షం, మైసమ్మ. సుగుణమ్మ రాళ్లు పంచింది. ఆట తొందరగానే నడిచింది. నిర్మల చకచకా వేస్తోంది, తన వంతు కానప్పుడు కూడా చెయ్యి లేపుతోంది. రేణుక వేసిన ప్రతి కార్డు మీద రాయి సరిగ్గా పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. అదృష్టం ఆమె దగ్గరే కూర్చున్నట్టుంది. చూస్తుండగానే ఆమె చేతిలో ఒక్క కార్డు మిగిలింది. భిక్షం పసుపు మూడు వేశాడు. రేణుక వంతు వచ్చింది.

ఆమె తన కార్డు చూసుకుంది. పసుపు ఏడు. కింద చూసింది. మళ్లీ కార్డు చూసుకుంది.

"కలుస్తలేదా? కలవకుంటే ఒకటి తీస్కో," అంది నిర్మల.

"కలుస్తున్నది."

"మరి ఎయ్యి. ఏస్తే గెలుస్తవు గద."

"గెలిస్తే బస్సు వస్తది," అంది రేణుక. "జర ఆలోచిస్త."

మైసమ్మ తన కార్డులు ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. సుగుణమ్మ పొయ్యి మంట తగ్గించింది.

కాసేపటికి నిర్మల ఫోన్ మోగింది. బాలరాజ్. "యాడున్నరు?"

"స్టేజీ కాడనే ఉన్నం."

"బస్సు రాలేదా?"

"నీ చెల్లె ఆలోచిస్తున్నది," అంది నిర్మల.

అర్ధగంటలో బాలరాజ్ బండి మీద వచ్చాడు. దారిలో మోరీ మీద ఆగిన బస్సును దాటుకొని వచ్చాడు, కండక్టరు చెయ్యి ఊపి, "ఆట ఆపింది నీ చెల్లెనటనే?" అని కూడా అడిగాడు. బండి స్టాండు వెయ్యకుండానే అన్నాడు.

"రేణుకా, లే. బండెక్కు."

"ఆట నడుమల ఉన్న అన్నా."

"ఆట తర్వాత ఆడుకోవచ్చు, లెవ్వు."

భిక్షం పూల సంచి మీద చెయ్యి వేసుకొని అడ్డం వచ్చాడు. "ఆమెను లేపితే ఊరికి బస్సు బందు. మల్ల ఎన్నడొస్తదో ఏమో. ఈ పోరగాండ్లకు పరీక్షలున్నయి. జిమ్మేదారి నీదేనా?"

కాలేజీ పిల్లలు బాలరాజ్ వంక చూశారు. ఆయన బండి దిగి, స్టాండు వేసి, చెల్లె ఎదుట చప్టా మీద కూర్చున్నాడు. సుగుణమ్మ అడగకుండానే చాయ్ ఇచ్చింది.

"ఏం ఆలోచిస్తున్నవు?"

"బోరు కాడి ముక్క గురించి."

బాలరాజ్ చాయ్ ఊదాడు. "అదంత ముందే మాట్లాడుకున్నం గద."

"మీరు మాట్లాడుకున్నరు. నేను చాయ్ పోసిన."

"మరి చీర కట్టుకున్నవు గదనే," అంది నిర్మల.

"చీర మంచిగున్నది వదినా. రంగు కూడ నచ్చింది."

లారీ ఒకటి పోయింది. అందరూ రాళ్ల మీద చేతులు పెట్టారు. బాలరాజ్ చేతిలో రాయి లేదు, ఆయన గ్లాసును గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ ఫోన్ మోగింది. ఎత్తలేదు. పదకొండు దాటింది.

"ఎంత కావాలె నీకు?" అని అడిగాడు. కోపంగా ఏమీ లేదు. ఆ మాట అడగడం అదే మొదటిసారి కాబట్టి, గొంతు కొంచెం కొత్తగా ఉంది.

"బోరు, దాని చుట్టు ఎకరం. నర్సరీ పెట్టుకుంట. మిగిలింది నీదే, దాని జోలికి రాను."

"బోరు లేకుంటే ఆళ్లు కొంటరా?"

"కొనకుంటే నువ్వే దున్నుకో. నీళ్లు నేనిస్త."

బాలరాజ్ చాయ్ ముగించాడు. ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడు ఇద్దరు ఆలోచిస్తున్నరు," అన్నాడు భిక్షం, ఎవరినీ ఉద్దేశించకుండా. మైసమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నిర్మల మొహం అటు తిప్పుకొని తుమ్మచెట్లను చూసింది. ఎండ షెడ్డులోకి వచ్చి, కార్డుల మీదుగా జరిగి, భిక్షం కాళ్ల దాకా పోయింది. ఆయన పూల సంచి మీద నీళ్లు చల్లుకున్నాడు. మోరీ కాడి నుంచి కండక్టరు నడిచివచ్చి, ఒక చాయ్ తాగి వెనక్కి పోయాడు.

చివరికి బాలరాజ్ స్లాట్ బుక్ చేసినాయనకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇయ్యాల్టి స్లాట్ పోతే పోయింది. కొత్తది బుక్ చెయ్యి." అవతలివాళ్లు ఏదో అడిగారు. ఆయన చెల్లె చేతిలోని కార్డు వంక చూశాడు. "రెండు పేర్లు. ఆ, రెండు. చెల్లె పేరు మీద బోరు కాడి ఎకరం, కడమది నా పేరు మీద. ఆమెకు కూడ పాస్‌బుక్ రావాలె." ఫోన్ పెట్టేసి, "అయిందా?" అన్నాడు.

"అయింది," అంది రేణుక. పసుపు ఏడు వేసి, దాని మీద రాయి పెట్టి, చెయ్యి తీసింది.

మలుపు దగ్గర హారన్ మోగింది. బస్సు వచ్చి ఆగింది. పిల్లలు ఎక్కారు, భిక్షం వాడిన పూలతో ఎక్కాడు. కండక్టరు, "ఎవలు గెలిచిన్రు?" అని అడిగితే, "చాయ్ తాపిచ్చేది బాలరాజ్" అన్నాడు భిక్షం. రేణుక ఎక్కలేదు. అన్న బండి వెనక కూర్చొని భూమి వైపు పోయింది, హద్దులు చూసుకోవడానికి. తయారై వచ్చిన పాపానికి నిర్మల ఒక్కతే చేవెళ్ల పోయి కూరగాయలు కొనుక్కొని వచ్చింది.

మైసమ్మ కార్డులు ఏరి పెట్టెలో పెట్టింది. "అక్కా, ఈ ఆటల లోపమున్నదంటివి. పారెయ్యాల్నా?"

"ఉన్నది," అంది సుగుణమ్మ గ్లాసులు కడుగుతూ. "ఉండనియ్యి."

తర్వాత మైసమ్మ ఫామ్‌హౌస్ నుంచి ఇంకా ఎన్నో పెట్టెలు తెచ్చింది. మాటలు చెప్పేవి, లెక్కలు వేసేవి, గుండ్రంగా ఉన్నవి. సుగుణమ్మ వాటన్నిటిలో లోపాలు వెతికింది, దొరికినవి నిర్మొహమాటంగా చెప్పింది. ఆ పాత పెట్టె మాత్రం బిస్కెట్ డబ్బాల వెనక, ఒక రాయి కింద ఉండిపోయింది.

అప్పుడప్పుడు, స్లాట్లు ఉన్న రోజుల్లో, నుదుట పెద్ద బొట్టుతో, గరగరలాడే కొత్త చీరలో ఎవరో ఒక ఆడపిల్ల అన్నదమ్ముల వెంట షెడ్డుకు వస్తుంది. అన్నదమ్ములు టైము చూసుకుంటూ, జల్ది అయ్యే ఆట ఏదైనా ఉందా అని అడుగుతారు. సుగుణమ్మ వాళ్ల వంక చూడదు. ఆడపిల్ల చీర వంక చూసి, వెనక్కి తిరిగి, బిస్కెట్ డబ్బాలు జరిపి, పెట్టె మీది రాయి తీస్తుంది.