అంగిట్లో నిప్పు

నేను ఒక జన్యువును. కంటికి ఆనను, చేతికి చిక్కను. నాలుగే అక్షరాలతో రాసిన మాటను, అంతే. నా కాపురం భీమిలి ఒడ్డున ఎండుచేపలమ్మే గవరమ్మ అంగిట్లో. అక్కడ దెబ్బ తగిలితే కణాలను పిలిచి "పెరగండర్రా" అని చెప్పడం, గాయం మానగానే నోరు మూసుకోవడం నా పని. ఆవిడ అమ్మమ్మ నోట్లోనూ ఇదే పని చేశాను నాయనా, ఒక్కనాడూ పేరు చెడగొట్టుకోలేదు.

గవరమ్మకు అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. బయట ఉంటే సముద్రపు గాలి ఆర్పేస్తుందట. నిప్పు ఆరకూడదు, నేను మాత్రం కాలిపోవచ్చు. ఏళ్ళ తరబడి ఆవిడ కాల్చింది, నేను మాన్పాను. ఒకనాడు ఆ పొగలోని విషం నాలో ఒక్క అక్షరాన్ని తారుమారు చేసింది. అంతటితో "ఆగు" అన్న మాట నాకు వినిపించడం మానేసింది. నన్ను అదుపు చేయవలసిన ఇరుగుపొరుగు జన్యువులూ అప్పటికే చెడి మూగబోయాయి. ఇంకేం, కసి తీర్చుకునే రోజు వచ్చింది. పెరగండర్రా అన్నాను. పెరిగాయి. మళ్ళీ అన్నాను.

"అత్తా, నీ అంగిట్లో ఏటో పుండునాగుంది. ఆసుపత్రికి పోదాం రా," అంది కోడలు పోలమ్మ.

"మా యమ్మ సచ్చేదాకా కాల్సింది. దాని నోరు బానే ఉంది. పుండున్నది నీ నోట్లోనే," అంది గవరమ్మ.

అను తల్లీ, అను. నువ్వలా అంటున్నంతకాలం నేను వేళ్ళు దించుకున్నాను.

చివరికి గంజి తాగినా నెత్తురు పడసాగింది. అప్పుడు కదిలింది గవరమ్మ. డాక్టరమ్మ ఆవిడ అంగిట్లో సగం కోసి నన్ను బయటికి తీసింది. ఇప్పుడు గాజుపలక మీద గులాబీరంగు పూసుకుని పెళ్ళికూతురిలా కూర్చున్నాను. గాయం మానాక గవరమ్మ వచ్చి, తనను తినబోయినదాన్ని చూడాలని పట్టుబట్టింది. డాక్టరమ్మ మైక్రోస్కోపులో నా కణాలను చూపించింది.

"ఏ పురుగమ్మా ఇది?" అని గవరమ్మ ముక్కుతో అడిగింది. సగం అంగిలి లేని మాట మరి.

"పురుగు కాదమ్మా, నీదే. నీతో పుట్టిందే చెడింది."

"నాదే అయితే నా మీద ఏటి కచ్చ దీనికి?"

"దినమూ నిప్పెట్టినోలికి దండేస్తాదేటి అత్తా," అంది పక్కనున్న పోలమ్మ.

గవరమ్మ బయటికి నడిచింది. కిటికీ అవతల తోడు వచ్చిన పొరుగావిడ చుట్ట వెలిగించి, "ఓ దమ్ము లాగొదినా, పేణం కుదుటపడతాది," అనడం నాకు వినిపించింది. గవరమ్మ నోట్లో నాలాంటివి ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి, ఇవాళ్టికి బుద్ధిగానే ఉన్నాయి. పుచ్చుకో గవరమ్మా, పుచ్చుకో, అని కాచుకున్నాను.

"అవతల పారెయ్యే," అంది గవరమ్మ ముక్కుగొంతుతో. "లోపలున్నది మన మాట ఇంటంది."