గీత పక్కన మొలిచింది

మా ల్యాబులో ఒక లెక్కుంది. రోగి కఫాన్ని క్రిములు పెంచే ప్లేటు మీద వంకర గీతలా పూస్తాం. గీత మీద మొలిచింది రోగిది, పక్కన మొలిచింది గాలిలోంచి పడ్డది. ఆ సోమవారం ఒక ప్లేటులో గీతకు కాస్త ఎడంగా ఆకుపచ్చ బూజు కనబడింది. గాలి బూజు అని పారేశాను. ప్లేట్ల మీద పేర్లుండవు, నంబర్లే.

గురువారం అదే నంబరుతో మళ్ళీ కఫం వచ్చింది. రెండ్రోజుల్లో గీత పొడవునా ఆకుపచ్చే. డాక్టరుకు చెప్పడానికి రిజిస్టరు తీశాను. పేరు మా తమ్ముడిది.

వాడు రొట్టెల బట్టీ నడిపేవాడు. నెత్తుటి జబ్బు మందులతో ఒంట్లో రోగాన్ని ఎదిరించే సత్తువ పోయి మా ఆసుపత్రిలోనే చేరాడు. రొట్టెను పొంగించే ఈస్టు, పుట్టగొడుగు, గోడ మీది బూజు అన్నీ ఒకే వంశమని వాడికి నేనే చెప్పాను. "అయితే మనిద్దరం ఒకే వ్యాపారం అక్కా. నా బూజు తిండి పెడుతుంది, నీది ప్రాణం తీస్తుంది" అని ఏడిపించేవాడు.

డాక్టరు మెల్లగా చెప్పాడు. "బూజు మొక్కలకన్నా మనకే దగ్గరి చుట్టం. దాన్ని చంపే మందు మనిషినీ కుంగదీస్తుంది. కాస్త ముందే మొదలుపెట్టుంటే తట్టుకునేవాడేమో."

వాడి మంచం పక్కన కూర్చుని, "మొదటి ప్లేటు నేనే పారేశాన్రా" అన్నాను.

వాడు మాస్కు పక్కకి లాగాడు. "చిన్నప్పట్నుంచీ నీకు శుభ్రం పిచ్చే కదా. పోనీలే. మీ ఫ్రిజ్‌లో రొట్టెల్లో కలిపే నా పులిసిన పిండి సీసా ఉంది. వారానికోసారి కాస్త పిండీ నీళ్ళూ పొయ్యి, చావనివ్వకు."

ఆ తర్వాత తొమ్మిదో రోజు పోయాడు. సీసా మాట మర్చిపోయాను. నెల తర్వాత తీస్తే పైనంతా ఆకుపచ్చ బూజు. అలవాటు కొద్దీ చేయి చెత్తబుట్ట మీదికి పోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత సీసా ల్యాబుకు తీసుకెళ్ళి, అడుగు నుంచి సూదితో చిటికెడు తీసి కొత్త ప్లేటు మీద గీత గీశాను.

మూడో రోజు గీత మీద తెల్లటి చుక్కలు వరసగా మొలిచాయి. వాడి ఈస్టు బతికే ఉంది.

మా పెద్ద మేడమ్ ప్లేటు పైకెత్తి చూసింది. "ఇదెవరిది? నంబరు లేదే."

"మా తమ్ముడిదండీ. పారేయకండి."