విన్నాను అనే చీటీ

రేడియో స్టేషన్ ఇంజనీరు ఆరు మైకులూ నా బల్ల మీద వరసగా పెట్టి, ఒకదాని జాలీ విప్పి తలకిందులు చేశాడు. నా ఆర్డర్ల పుస్తకం మీద గోధుమరంగు పొడి రాలింది. వేలితో తుడిచేసరికి బంకలా అంటుకుంది.

“ఇదేంటో మీరే చెప్పండి మేడమ్. నిన్న వార్తలు చదువుతున్నావిడ నోట్లో పడింది. వాక్యం మధ్యలో థూ అని ఉమ్మింది. ఊరంతా విన్నారు.”

“జాలీ లోపలి స్పాంజి మార్చి ఎన్నాళ్లయిందీ...”

“ఏడు నెలలు. పోయినసారి ఇలాగే రెండు తెచ్చాను, ఇప్పుడు ఆరూ తెచ్చాను.” జేబులోంచి ఆరు చీటీలు తీసి బల్ల మీద పడేశాడు. “మేం గ్యారంటీ కార్డు అడగలేదండీ. ఈ చీటీని నమ్మాం. నాలుగింటికి వస్తాను. మళ్లీ ఇలాగే అయితే ఇంకో చోటు చూసుకోవడం తప్ప నాకు దారి లేదు.”

ఆ చీటీల సంగతి చెప్పాలి. మా కొట్లో బాగైన మైకు ఏదైనా సరే, మా మామగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, చిన్న అట్టముక్క మీద ‘విన్నాను’ అని రాసి సంతకం చేసి, దారంతో మైకు మెడకి కట్టాకే గుమ్మం దాటుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్లు, ఆయన దగ్గర పని నేర్చుకుని పదహారేళ్లు. ఇప్పుడు విప్పేదీ బిగించేదీ నేనే. వినేది మాత్రం ఆయన. స్టేషన్ వాళ్లు వెళ్లిపోతే మా పనిలో సగం పోతుంది. అంతకంటే ముందు ఆ చీటీ విలువ పోతుంది.

ఇంజనీరు వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక ఇంకా మండింది. పోయినసారి రెండు మైకులు వచ్చినప్పుడు స్పాంజి అమ్మినవాడి మీద విరుచుకుపడ్డాను. పాపం, అతను కొత్త షీటు ఊరికే ఇచ్చి పంపాడు. ఈ ఆరింటిలో వేసింది ఆ షీటే. నా చేత్తో, నా కత్తెరతో కోశాను.

కోపంగానే రెండో జాలీ పట్టుకుని తిప్పాను. కదల్లేదు. గుడ్డ చుట్టి, పళ్లు బిగించి తిప్పితే ఊడింది. మూడోదీ అంతే. ఈ మధ్య జాలీలన్నీ ఇంత గట్టిగా ఉంటున్నాయేంటి, నేనింత బలంగా బిగిస్తున్నానా అని చాలాసార్లు అనుకున్నాను. చేతులు మొద్దుబారుతున్నాయేమో అని దిగులు కూడా పడ్డాను. ఇప్పుడు లోపల మిగిలిన ముక్కని పట్టకారుతో లాగి కిటికీ దగ్గర చూశాను.

పసుపురంగు. నేను వేసింది బూడిదరంగు.

మా ఇంట్లో పసుపు స్పాంజి ఒక్క చోటే ఉంది. ఎప్పుడో ఏదో ఫ్యాక్టరీ మూతపడుతుంటే మామగారు కొనుక్కొచ్చిన పెద్ద చుట్ట. బీరువా మీద, పాలిథీన్ కవరులో, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. ఇక జాలీలు బిగుసుకోవడమంటారా, బిగించాక ఇంకో పావు చుట్టు తిప్పితే గాని తృప్తిలేని మనిషి కూడా ఈ ఇంట్లో ఒక్కరే.

మధ్యాహ్నం నేను భోజనం చేసి పది నిమిషాలు నడుం వాల్చే వేళలో ఆయన నా మైకులు విప్పుతున్నారన్నమాట!

మా ఆయనకి ఫోన్ చేశాను. అంతా విని, “నాన్నతో అనకు, బాధపడతారు,” అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా నాకు ఈయన ఇచ్చిన సలహా అదొక్కటే. ఫోన్ పెట్టేసి వెనక గదిలోకి వెళ్లాను. మామగారు పేపరు చదువుతున్నారు.

“మామయ్యా, నేను వేసిన స్పాంజి తీసేసి మీ చుట్టలోది వేస్తున్నారా?”

పేపరు దించలేదు. “నీదేం బాలేదమ్మాయ్.”

“ఏం బాలేదు?”

“మూగగా ఉంది. మనిషి మాట్లాడుతుంటే దుప్పట్లోంచి మాట్లాడినట్టుంది. స, శ రెండూ ఒకటే అయిపోతున్నాయి. అలాంటిదానికి విన్నానని ఎలా రాయను?”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“చెప్తే నొచ్చుకుంటావని.”

నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది. నేను నొచ్చుకుంటానని నా పనంతా విప్పి తగలేశారు. నేను కొట్టువాడితో పోట్లాడాను, నా చేతుల్ని నేనే అనుమానించుకున్నాను. ఈయనేమో చల్లగా పేపరు చదువుకుంటున్నారు.

“మీది కుళ్లిపోయిందండీ. చూడండి!” జిగటైన వేలు చూపించాను.

“నాది కొత్తది. కొన్నప్పట్నుంచీ కవరులోనే ఉంది,” అని కుర్చీ ఎక్కబోయారు. నేనే ఎక్కి చుట్ట దించాను. కవరు విప్పి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాను. మంచి స్పాంజి అయితే వెంటనే పైకి లేవాలి. ఇది నా వేలిగుర్తుతో అలాగే ఉండిపోయింది.

“వాడకపోయినా పాడవుతుంది మామయ్యా. గాలికి, వేడికి ఊరికే కూర్చున్నా పాడవుతుంది. చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను.”

ఆయన ఆ వేలిగుర్తు కేసి చూశారు. కానీ ఓడిపోయే మనిషా? “స్పాంజి పాతదే అనుకుందాం. శబ్దం మాత్రం నాదే తేట. కావాలంటే పరీక్ష పెట్టు.”

పెడతాను కదా అనుకున్నాను. అసలు అప్పటికి నాకు పని చేసే టైమే లేదు. గంటన్నరలో ఆరు మైకులు. జాలీలు సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాలి, మైకుని బోర్లా పట్టుకుని, లోపలి పల్చటి పొర మీద అంటిన నలుసుల్ని ఊదకుండా, పొర చిరగకుండా ఒక్కొక్కటే తీయాలి, స్పాంజి గుండ్రంగా కోసి అంచుకి మాత్రమే జిగురు రాయాలి. అయినా పంతం పట్టాను. మూడు మైకులు సిద్ధం చేశాను. ఒకదానిలో నా బూడిద స్పాంజి, ఒకదానిలో ఆయన చుట్టలోది, మూడోదానిలో ఏమీ లేదు. ఉత్త ఇనప జాలీ. అది ఆయనకి చెప్పలేదు.

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని నాకు వీపు పెట్టి కూర్చున్నారు. నేను మా కొట్టు వాక్యం చదివాను. ముప్ఫై ఏళ్ల కిందట ఆయనే కట్టిన వాక్యం, ప్రతి మైకుకీ అదే: “శనివారం సాయంత్రం సీసాలన్నీ సర్దేశాను.”

మొదటిది, చుట్టలోది. “నీదే. మూగ.”

రెండోది, నాది. “ఇదీ... ఇదే నాది. తేట చూడు!”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మూడోది తీసుకున్నాను. అడ్డం ఏమీ లేదు, నా ‘స’లు హెడ్‌ఫోన్‌లోంచి నాదాకా వినపడేంత పదునుగా ఉన్నాయి. మామగారు తల అడ్డంగా ఊపారు.

“అబ్బే. అన్నిటికంటే ఇదే అధ్వాన్నం. ఎంత మందం వేశావమ్మాయ్ దీనికి?”

జాలీ విప్పి ఆయన ముందు పెట్టాను. గెలిచాను అనుకుంటూనే పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తారు. కన్నాల్లోంచి వెలుతురు వచ్చి ఆయన మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

“ఇందులో ఏం లేదు,” అన్నారు.

“లేదు మామయ్యా.”

హెడ్‌ఫోన్ తీసి తిప్పి చూస్తూ, “హెడ్‌ఫోన్ పోయింది,” అన్నారు.

ఇంకోటి ఇచ్చాను. మళ్లీ శనివారం, మళ్లీ సీసాలు. “ఇదీ పోయింది.” మూడోది ఇవ్వబోతే ఆయనే దూరంగా జరిపేశారు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయారు. పొద్దున్నుంచీ ఈ మనిషిని ఎలా కడిగేయాలా అని మాటలు పోగేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. నిజం చెప్పాలంటే, ఆ మూడో మైకు పరీక్షలో పెట్టకుండా ఉండాల్సింది అనిపించింది. చాలా బాధేసింది.

“ఎన్నాళ్లనుంచి అయ్యుంటుంది?” అన్నారు.

“నాకెలా తెలుస్తుంది?”

“నీ స్పాంజి బాలేదనుకున్నా.”

“అవునండీ.”

“ఏడాదిగా అనుకుంటున్నా.”

గడియారం కేసి చూసి కోప్పడ్డాను. “మూడున్నరవుతోంది. కూర్చుంటే పనవదు. జాలీలు తుడవండి!” ఆయన తుడిచారు. పద్దెనిమిదేళ్లలో నేను చెప్పిన పని ఎదురు చెప్పకుండా చేయడం అదే మొదలు, నాకేమీ సంతోషం కలగలేదు. చివరి మైకు దగ్గర జిగురు ఆరక నానా తంటాలు పడ్డాం. ఆయన అట్టముక్కతో విసురుతూ ఉంటే నేను పట్టుకుని నిలబడ్డాను.

ఇంజనీరు నాలుగింటికి కచ్చితంగా దిగాడు. నేను ఏదో సాకు చెప్పబోయాను. స్పాంజిలో లోపం, కొట్టువాడి పొరపాటు... మామగారు అడ్డొచ్చారు.

“తప్పు నాది బాబూ. మా కోడలు సరిగ్గానే వేసింది. నేను దొంగతనంగా విప్పి పాతది వేశాను.”

“మీరెందుకండీ?” అతను తెల్లబోయాడు.

“నాకు వినపడక.”

ఇంజనీరు నా కేసి చూశాడు. నేను బల్ల కేసి చూశాను. అతను ఒక్కో మైకూ తనే హెడ్‌ఫోన్‌లో విన్నాడు, ఆరోది అయ్యాక తలూపాడు. “బాగున్నాయి. కానీ చీటీ?” అన్నాడు మొహమాటంగా. చీటీ లేకుండా తీసుకెళ్లడం అతనికీ అలవాటు లేదు.

మామగారు సొరుగులోంచి అట్టముక్కలు తీశారు. కలం మూత తీసి నా ముందు పెట్టారు.

“రాయమ్మాయ్.”

“మీరే రాయండి మామయ్యా, నేను విని చెప్తాను.”

“వినంది ఎలా రాస్తాను?” అన్నారు, నేనేదో బుద్ధిలేని మాట అన్నట్టు.

రాశాను. ఒక్కోటీ హెడ్‌ఫోన్‌లో విని, ఆరుసార్లు ‘విన్నాను’, ఆరుసార్లు సంతకం. మొదటిదాని మీద నా సంతకం వంకరపోయింది. ఆయన చీటీలు తీసుకుని అక్షరాలన్నీ చూసి, “ఒత్తు పైకెక్కింది,” అని ఒక వంక పెట్టారు. దారం మాత్రం నాకివ్వలేదు. ఆరు మైకులకీ తనే కట్టారు. ఒక్కోదానికీ ముడి వేశాక, ఎప్పట్లాగే, ఇంకొక్క లాగు లాగారు.