ఆదివారం సాయంత్రం ఆమె వంతు

"దేవుడా, మా ఆవిడకి ఇంకాస్త ఓపిక ఇవ్వు," అన్నాడు భర్త, కళ్లు గట్టిగా మూసుకుని.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఇంట్లో అందరూ చాప మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు దేవుడితో పైకే మాట్లాడతారు. అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. చివరి వంతు కోడలిది. కానీ ఆ వంతు వచ్చేసరికి ఆమె ఎప్పుడూ చాప మీద ఉండదు. పాలు పొంగుతాయనో, ఆరేసిన బట్టల మీద చినుకులు పడుతున్నాయనో లేచి వెళ్లిపోయి ఉంటుంది. "పర్లేదులే, నీ మనసు ఆయనకి తెలీదా," అంటారు అత్తగారు. తెలుసు మరి. ఆమె నిష్ఠూరాలూ నవ్వులూ ఆయన వినేది సింకు దగ్గరే, మోచేతుల దాకా నురగలో. దేవుడి మీద ఆమెకు గట్టి నమ్మకం. ఇంట్లోవాళ్ల మీదే కొంచెం అనుమానం.

ఈ ఆదివారం మాత్రం ఏమైనా సరే లేవకూడదని కూర్చుంది. ఆమె పనిచేసే చోటి పళ్ల డాక్టరమ్మ ఇంకో చోట క్లినిక్ తెరుస్తోంది. "అది నువ్వే చూసుకోవాలి, సోమవారం పొద్దునకల్లా ఏ మాటా చెప్పు," అంది. ఆ మాట ఇంట్లో చెబుదామని వారమంతా ప్రయత్నించింది. భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఒక్క నిమిషం" అన్నాడు, ఆ నిమిషం ఇంకా అవలేదు. అత్తగారు మోకాళ్ల మందు ఎక్కడ పెట్టావన్నారు. కూతురికి సాక్సు కనబడలేదు. రోజంతా ఊళ్లోవాళ్ల చేత నోరు తెరిపించే మనిషికి ఇంట్లో తన నోరు తెరిచే సందు దొరకలేదు. ఉద్యోగంలో చేరిన రోజు భర్త అన్న మాట ఒకటి లోపల ముల్లులా ఉండిపోయింది. "సరదా పడుతున్నావుగా, చెయ్యి. ఇల్లు మాత్రం కుంటుపడకూడదు."

"దేవుడా, అమ్మ నా సైన్సు ప్రాజెక్టు తొందరగా చేసేసేలా చూడు," అంది కూతురు.

"మా కోడలికి ఒంట్లో బలం ఇవ్వు తండ్రీ, ఈ ఇంటికి అదే దిక్కు," అన్నారు అత్తగారు.

ఆమెకు నవ్వాగలేదు. అందరూ ఆమె ఓపికే అడుగుతున్నారు, ఒక్కరూ తమకో చీపురు ఇప్పించమని అడగరేం!

సరిగ్గా అప్పుడే బాత్రూమ్‌లోంచి బుడబుడమని చప్పుడు వచ్చింది. వాషింగ్ మిషన్ గొట్టం ఊడిపోయింది. వదులైందని ఆమె ఎన్నిసార్లు చెప్పినా భర్త "చూద్దాంలే" అంటూ వచ్చాడు. చప్పుడు అందరికీ వినబడింది. ఒక్కరూ కళ్లు తెరవలేదు. భర్త గొంతు సవరించుకున్నాడు. అత్తగారి భక్తి ఒక్కసారిగా పెరిగి, ప్రార్థన మళ్లీ మొదటికొచ్చింది. అందరూ ఆమె లేస్తుందని ఎదురు చూస్తున్నారు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి నేలకి ఆనింది, నడుము సగం లేచింది కూడా. తన మీద తనకే కోపం వచ్చింది. మళ్లీ కూలబడింది.

"దేవుడా," అంది. కళ్లు మూసుకుంది. "డాక్టరమ్మకి సరే అని చెప్పబోతున్నాను. ఇక పొద్దున్నే వెళ్లాలి. క్యారియర్లు ఎవరివి వాళ్లు సర్దుకునే తెలివి వీళ్లకి నువ్వే ఇవ్వాలి. సైన్సు ప్రాజెక్టు చదివే పిల్లే చేసుకోవాలి. నాకు ఓపిక చాలు తండ్రీ, ఉన్నదే ఎక్కువైపోయింది..."

"ఏంటీ?" భర్త కళ్లు తెరిచాడు. "పొద్దున్నే అంటే ఇంట్లో..."

"ష్!" అన్నారు అత్తగారు, కళ్లు తెరవకుండానే. "మధ్యలో మాట్లాడకూడదురా. దాని వంతు."

ఆ "ష్" తన కోసం అని అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు హాల్లోకీ వచ్చాయి. చాప అంచు తడిసి, భర్త పంచె తడిసి, ఆయన పక్కకు జరిగాడు. కూతురు కిసుక్కున నవ్వింది.

"ఇల్లంతా చెరువైపోతోంది," అన్నాడాయన మెల్లగా, బతిమాలుతున్నట్టుగా. "ఇంకా ఎంతసేపు?"

ఆమె కళ్లు తెరిచి ఆయన వైపు చూసింది.

"నాది ఇప్పుడే మొదలైంది. మీరెళ్లి మిషన్ కట్టెయ్యండి," అని మళ్లీ కళ్లు మూసుకుంది.