చర్చి గోడ పక్కన చోటు

రెల్లుగట్టు పేట సంఘపెద్దల్లారా, మీరు దొంగలు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చచ్చిన మనిషికి రావాల్సిన ఆరడుగుల నేల కాజేసి, పైన ప్రార్థన ఒకటి కప్పుతున్నారు. రాహేలమ్మ తెల్లారగట్ల పోయింది. పొద్దెక్కింది. ఆవిణ్ణి ఎక్కడ పెట్టాలో మీరింకా నానుస్తూనే ఉన్నారు.

నేను ఒక ఫొటోని. చెక్క చట్రం, అద్దం, ఓ మూల చెద. మొన్నటిదాకా మీ చర్చిలో పీఠం పక్క గోడకి వేలాడినదాన్ని. పాటలు చూపించే తెర కట్టుకోవాలని నన్ను దింపి ఈ సామాన్ల కొట్లో పడేశారు. గాలి పోయిన హార్మోనియం ఒకటి, కాళ్ళు విరిగిన బల్లలు రెండు నాకు తోడు. దానికి నాకు కోపం లేదు. పాతబడితే ఎవరికైనా అంతే. నా కోపం వేరే.

నేను పుట్టింది ఇంగ్లండులో ఓ చిన్న ఊళ్ళో, చలికాలం పొద్దున. ఆ ఊరి పాదిరి తమ్ముడికి ఫొటోల పిచ్చి. మూడు కాళ్ళ మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, కదలొద్దని అరిచాడు. చర్చి ఎటూ కదలదు. పొట్టి రాతి గోపురం, ఆకు లేని చెట్లు, మోకాలెత్తు రాళ్ళ ప్రహరీ, కప్పు నిండా తెల్లటి మంచు. చర్చి గోడని ఆనుకునే సమాధులు. గోతులు తవ్వే మనిషొకడు పార భుజానేసుకుని చిరాగ్గా చూస్తున్నాడు, పని చెడగొట్టారని. ఇవాళ్టికీ అలాగే చూస్తున్నాడు. చర్చి వెనక ఎవర్ని పెట్టారో మాత్రం నాకు తెలీదు. ఆ పెట్టె ముందునుంచే చూసింది. బీదవాళ్ళు అక్కడా వెనకే ఉండుంటారు, కానీ చూడనిదానికి నేను సాక్ష్యం చెప్పను.

పాదిరి చెల్లెలు ఈ దేశం వస్తూ నన్ను ఉన్ని బట్టల మధ్య చుట్టి తెచ్చింది. గోదారి జిల్లా ఎండల్లో ఉన్ని బట్టలెందుకో ఆవిడకే తెలియాలి. పేటవాళ్ళు ఆవిణ్ణి దొరసానమ్మ అన్నారు. తాటాకు పాక తీసేసి చర్చి కట్టేటప్పుడు నన్ను ముందు పెట్టి, అచ్చం ఇలాగే కట్టమంది. తాపీ మేస్త్రి ఏసోబు నా మీదికి ఒంగి చూశాడు.

"పెంకులక్కూడా సున్నం ఏసుకుంటారాండి మీవోళ్ళు?"

"సున్నం కాదు, మంచు."

"మంచు పొద్దెక్కితే పోద్ది గదమ్మా. ఇది సున్నవే. ఆవిడికి తెలీదులే, ఏసెయ్యండ్రా."

వేసేశారు. దొరసానమ్మ పొట్ట పట్టుకు నవ్వింది. అప్పట్నించీ ఏటా క్రిస్మస్ ముందు కప్పుకి సున్నం కొట్టడం ఈ పేటకి ఆచారమైపోయింది. రోడ్డు మీద పోయే బస్సుల్లో జనం వేళ్ళు చూపించి నవ్వుతారు. లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం ఎండాకాలం చల్లగా ఉంటుంది. తెలిసి కట్టినవాళ్ళకి కూడా అంత సుఖం దక్కదు.

ఏసోబు ఇంకో సంగతి కూడా అడిగాడు. నాలో గోడ పక్కన కనబడే గుట్టలేంటని. సమాధులంది దొరసానమ్మ. పేట శవాల్ని ఆసాముల చేను గట్టు మీంచి మోసుకెళ్ళి మురుగుకాలవ ఒడ్డున పెట్టాలి. వరదొస్తే కాలవ తీసుకెళ్ళిపోతుంది. "అయితే మేమూ ఈడే పెట్టుకుంటాం" అన్నాడు ఏసోబు. వద్దంది దొరసానమ్మ. ఎండదేశం, గోడ పక్కన పూడిస్తే జబ్బులొస్తాయంది. ఆ తర్వాత ఆవిడే జ్వరంతో పోయింది. గోడ పక్కనే పెట్టి పాలరాయి పరిచారు. ఆరోజు ఎండ అడ్డం రాలేదు.

నాలోంచి సున్నం తీసుకున్నారు, గోపురం తీసుకున్నారు. సమాధులు మాత్రం మీకు కనబడలేదు. రాహేలమ్మకి కనబడ్డాయి.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ సున్నం బకెట్టు పట్టుకుని కప్పెక్కేది. మొగుడు ప్రకాశాన్ని కాలవ ఒడ్డునే పెట్టారు. ఆ యేడు తుఫానుకి ఒడ్డు విరిగి పడింది. గొయ్యి నీళ్ళలోకి జారుతుంటే ఆవిడ గట్టు మీద నిలబడి చూసింది. మర్నాడు చర్చికొచ్చి, కొంగుతో నా అద్దం తుడిచి, గోడకి దగ్గరగా ఉన్న గుట్ట మీద వేలు పెట్టింది. "నన్నిక్కడ పెట్టండ్రా" అంది. అప్పట్నించీ తుడిచినప్పుడల్లా అదే మాట. ముసల్దానికి మతి పోయిందని మీరు నవ్వారు.

ఇప్పుడు కాలవ పొంగింది. ఆసామి చేనుకి కంచె వేసి, దారికి గేటు పెట్టి తాళం వేశాడు. మీ మాటలు తలుపు సందులోంచి నాకు వినబడుతూనే ఉన్నాయి. పెద్దమనిషి జకరయ్య గొంతు, రాహేలమ్మ కూతురు సువార్త గొంతు.

"చర్చి పక్కన అంత చోటుందిగా పెదనాన్నా. దొరసాని లేదా ఆడ?"

"దొరసాని సంగతి ఏరమ్మా."

"ఏం, ఆవిడికి రెండు పేణాలా?"

"అది కాదే. ఆడ పెళ్ళిళ్ళ షెడ్డు ఏద్దావనుకున్నాం. సమాధి పక్కన ఇస్తళ్ళు ఎవరేసుకుంటారు?"

"క్రిస్మస్‌కి బిర్యానీ డేగిసా పెట్టేది దొరసాని రాయి మీదే గదా? అప్పుడు నీకు ముద్ద దిగలేదా?"

జకరయ్య దగ్గాడు. కుర్ర పాస్టరుగారు "దేవుని చిత్తం కనిపెడదాం" అన్నాడు. దేవుడి చిత్తం తెలుసుకోవడానికి మనుషులు ఎంతసేపైనా కూర్చుంటారు, శవం తమ ఇంట్లోది కాకపోతే.

ఇంతసేపూ మీరు నా మాట వినలేదు, ఇప్పుడు వినండి. నన్ను మళ్ళీ గోడకెక్కించమని అడగట్లేదు. తెర మీరే ఉంచుకోండి. షెడ్డు ఇంకో పక్కకి జరుగుతుంది. కాలవ జరగదు. ఆసామి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే పని ఇవాళ్టితో మానండి. ఈ నేల మీది.

ఈ కొట్టు తలుపు తియ్యండి. గునపం, పార హార్మోనియం వెనకే ఉన్నాయి. దొరసాని రాయి పక్కన, గోడకి దగ్గరగా, రాహేలమ్మ వేలు పెట్టిన చోటే తవ్వండి. జకరయ్యా, మొదటి దెబ్బ నువ్వే వెయ్యి. వాన మళ్ళీ పట్టేలా ఉంది, లే.